మొదటి లైను దాటి ఎవరూ చదవట్లేదు, ఏం రాస్తే ఆగుతారు?

కోనసీమ_జాడీ
రెండేళ్ళుగా ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నాను. ఆవకాయ, మాగాయ, గోంగూర, ముందే చెప్తే రొయ్యల పచ్చడి కూడా. తిన్నవాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి సరుకు గురించి బెంగ లేదు. నా బాధంతా ఫేస్‌బుక్ పేజీతో. పోస్టు రాయడానికి గంట, ఫోటో కోసం ఇంకో గంట, తీరా చూస్తే పదకొండు లైకులు, అందులో నాలుగు మా పిన్ని కూతుళ్ళవే. నిన్న మావారి చేతికి ఫోనిచ్చి చదవమంటే ఆయన కూడా "సీ మోర్" నొక్కకుండా పైకి తోసేశారు. అదేంటండీ అంటే "చదివాను కదా, నమస్కారం పెట్టావు" అన్నారు. ఆ పోస్టు మొదలు ఇదీ:

"అందరికీ నమస్కారం. మా వద్ద అత్యంత నాణ్యమైన, రుచికరమైన, పరిశుభ్రమైన వాతావరణంలో తయారు చేసిన సాంప్రదాయ గోదావరి పచ్చళ్ళు లభించును."

దీని కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు (ఫుడ్ లైసెన్సుది), ఆ తర్వాత రేట్లు. ఇందులో తప్పేముందో నాకైతే కనబడట్లేదు. "షాకింగ్", "మీరు నమ్మరు" లాంటివి రాయమని మాత్రం చెప్పకండి, మా ఊళ్ళో తలెత్తుకు తిరగాలి నేను.

రీల్స్_రాజా
అక్కా, "లభించును" చూడగానే రేషన్ షాపు గుర్తొచ్చింది, సంచీ కోసం వెతుక్కున్నా.

నస_నారాయణ
రేషన్ షాపు వాడే నయం. "స్టాకు లేదు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు.

డెస్కులో_రాత్రి
పన్నెండేళ్ళు పేపర్లో సబ్ ఎడిటర్‌గా చేశాను కాబట్టి నా రోగం కొద్దీ మాటలు లెక్కపెట్టాను. మీరు అమ్మేది పచ్చళ్ళు. మీ పోస్టులో "పచ్చళ్ళు" అన్న మాట పద్నాలుగోది. దాని ముందున్న పదమూడూ తీసేసి చూడండి, ఏమీ పోదు. "నాణ్యమైన" అని స్వీట్ షాపు వాడూ రాస్తాడు, సిమెంటు వాడూ రాస్తాడు.

మా దగ్గరికి మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు వార్తలు పంపేవాళ్ళు. ఒకసారి ఒకాయన పంపిన కాపీ ఇలా మొదలైంది: ఫలానా మండలంలోని ఫలానా గ్రామానికి చెందిన ఫలానా రైతు గత కొంతకాలంగా వ్యవసాయం చేసుకుంటూ జీవనం సాగిస్తున్నాడు, వివరాల్లోకి వెళితే... అని. సరే అని వివరాల్లోకి వెళ్ళాం. మూడు పేరాలు వెళ్ళాక, ఆఖరి లైన్లో తేలిందేమిటంటే, ఆ రైతు నడుముకి తాడు కట్టుకుని పాడుబడ్డ బావిలోకి దిగి పక్కింటి వాళ్ళ గేదె దూడని భుజాన వేసుకుని పైకొచ్చాడు. అర్ధరాత్రి పేజీ పెట్టే టైముకి నేను చేసిన పని ఒక్కటే, ఆ దూడని మొదటి లైన్లోకి లాగాను. చాలామంది పోస్టుల్లో దూడ ఉంటుంది, బావి అడుగున ఉంటుందంతే. మీ పోస్టులో ఆఖరి పేరా ఏముందో ఇక్కడ పెట్టండి.

కోనసీమ_జాడీ
ఆఖరి పేరా ఇది. "మా అత్తయ్యగారి పద్ధతిలోనే ప్రతి ముక్కకీ టెంక ఉండేలా కాయ కొట్టించి, జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచి పెడతాం. మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూసేది ఆవిడే. ఆవిడ ఊఁ అంటేనే సీసాల్లోకి ఎక్కిస్తాం."

డెస్కులో_రాత్రి
అదిగో దూడ.

రీల్స్_రాజా
దూడ కాదు బాస్, అత్తగారు.

విశ్రాంత_మాస్టారు
నాకు ఈ ధోరణి నచ్చలేదు. నలుగురిలోకి వచ్చి నమస్కారం పెట్టడం తప్పెలా అవుతుంది? ముప్పయ్యేళ్ళు పిల్లలకి ఉత్తరం ఎలా రాయాలో నేర్పాను. మొదట సంబోధన, తర్వాత క్షేమ సమాచారం, తర్వాత విషయం. ఆ అమ్మాయి పద్ధతిగా రాసింది. చదవనివాళ్ళది తప్పు.

బెంగళూరు_బాబాయ్
మాస్టారూ, ఉత్తరం మీ పేరు మీద వస్తుంది, చింపి చదువుతారు. ఇక్కడ ఆ అమ్మాయి ఎవరి పేరు మీదా రాయట్లేదు. నేను చేసేది డిజిటల్ మార్కెటింగే కనుక కాస్త లెక్కలు చెప్తాను, విసుగొస్తే దాటేయండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో కాప్షన్ 2,200 అక్షరాల దాకా రాసుకోవచ్చు, కానీ ఫీడ్‌లో నొక్కకుండా కనిపించేది ఇంచుమించు 125. లింక్డ్ఇన్‌లో మూడు లైన్లు. ఫేస్‌బుక్‌లో ఫోన్‌ని బట్టి, అక్షరాల సైజుని బట్టి మారుతుంది, నాలాగా సైజు పెంచుకున్నవాళ్ళకి ఇంకా తక్కువ. ఎక్స్‌లో డబ్బు కట్టనివాళ్ళకి మొత్తం కలిపి 280, అది కూడా 2017 నవంబరులో పెంచారు, అంతకుముందు 140. తెలుగువాళ్ళకి ఇంకో తిప్పలుంది. "స్త్రీ" చూడ్డానికి ఒకే అక్షరం, ఎక్స్ లెక్కలో ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, అన్నిటినీ విడివిడిగా లెక్కపెడుతుంది. అంచేత ఒత్తులున్న సంస్కృతం మాటలు ఎంత దట్టిస్తే అంత చోటు తింటాయి. "అత్యంత" అన్నదానికి ఆరు ఖర్చు. "ఉప్పు" ఐదుతో అయిపోతుంది, పైగా నోట్లో నీళ్ళూరతాయి.

నస_నారాయణ
ఉప్పుకి నోట్లో నీళ్ళూరడం బీపీ లక్షణం బాబాయ్, ఒకసారి చూపించుకో.

చుక్కల_ముగ్గు
ఎలా రాయాలో నాకు తెలీదు గానీ ఏది చూస్తే పారిపోతానో తెలుసు. "మీకు తెలుసా?" అని మొదలుపెడితే. తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. లింక్డ్ఇన్‌లో ఇంకో రకం. "నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు." ఖాళీ లైను. "ఆ రోజు వర్షం పడుతోంది." ఖాళీ లైను. అయ్యో పాపం అని కిందికి వెళ్తే చివర్లో ఆయన కోర్సుకి లింకు. ఇలా మూడుసార్లు మోసపోయాక ఇప్పుడు నిజంగా ఉద్యోగం పోయినవాళ్ళ పోస్టు కూడా నమ్మలేకపోతున్నా, అది ఇంకా బాధ.

రీల్స్_రాజా
మీరు ఎంత తిట్టినా పనిచేసేవి అవే. అక్కకి నేను రాసిస్తా: "మీరు చేసే ఈ ఒక్క తప్పు వల్లే ఆవకాయ బూజు పడుతోంది!!!" పెట్టి చూడమనండి, మధ్యాహ్నానికి వేలల్లో చూస్తారు.

మంగళగిరి_మగ్గం
అలాంటి తెలివే నేనూ చూపించాను, నా కథ వినండి. మాది చీరల షాపు, నిజాం బోర్డర్ చీరలు, డ్రెస్ మెటీరియల్. మా బావమరిది ఎక్కడో చూసొచ్చి "మొదటి లైను గుండె ఆగేలా ఉండాలి బావా" అన్నాడు. సరేనని "బాధతో చెప్తున్నాం... మా షాపు మూసేస్తున్నాం" అని రాసి, సీ మోర్ కింద "...ఈ ఆదివారం మాత్రమే, సోమవారం నుంచి కొత్త స్టాకు" అని పెట్టాం. సీ మోర్ ఎవడూ నొక్కలేదు. సాయంత్రానికి నూలు ఇచ్చే ఆసామి ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి బాకీ లెక్క తేల్చమని అరుగు మీద కూర్చున్నాడు. చీటీ పాట పెద్దాయన ఫోన్ చేశాడు. మా అమ్మకి ఊరి నుంచి పరామర్శలు. పోస్టు తీసేశాను గానీ స్క్రీన్‌షాట్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి, పోయిన నెల కూడా ఒకావిడ వచ్చి "మూసేశారన్నారే" అంది.

నస_నారాయణ
జనం ఆగారు కదా మరి. అరుగు మీదే ఆగారు.

బెంగళూరు_బాబాయ్
మగ్గం గారికి జరిగింది మనుషుల వల్ల. ఫేస్‌బుక్ కూడా ఊరుకోదు. విషయం దాచిపెట్టి ఊరించే హెడ్డింగుల్ని ఫీడ్‌లో కిందికి నెడతామని 2016 ఆగస్టులోనే ప్రకటించింది. 2017 డిసెంబరులో "లైక్ కొట్టండి, నలుగురిని ట్యాగ్ చెయ్యండి, షేర్ చేస్తే మంచి వార్త వింటారు" టైపు పోస్టుల మీదకి వచ్చింది. కాబట్టి రాజా చెప్పిన లైను ఈ పూటకి పనిచేసినా పేజీకి మచ్చ.

అయితే రాజాని పూర్తిగా కొట్టిపారేయలేను. ఆ లైన్లో ఒక విషయం ఉంది, దాచాడంతే. "ఈ ఒక్క తప్పు" అనకుండా ఆ తప్పేమిటో చెప్పేస్తే?

కోనసీమ_జాడీ
తప్పంటే తడేనండీ. తడి చెయ్యి, తడి గరిటె. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఇంట్లో ఎవరో ఒకరు అన్నం గరిటే జాడీలో పెట్టేస్తారు. పైన నూనె తేలకపోయినా బూజే.

డెస్కులో_రాత్రి
"అన్నం గరిటె జాడీలో పెట్టింది ఎవరు?" దీన్ని మొదటి లైనుగా పెట్టండి. మీరు ఇష్టపడని ప్రశ్నే ముగ్గు గారూ, కానీ ఇది మన ఇళ్ళల్లో రోజూ వినపడే ప్రశ్న.

చుక్కల_ముగ్గు
దీనికి ఆగుతాను. మా ఇంట్లో పెట్టింది నేనే.

ఒంగోలు_బస్టాండ్
మాస్టారి నమస్కారం దగ్గరికి వెనక్కి వెళ్తున్నా. నేను రోజూ పల్లెవెలుగులో పోయి వచ్చేవాడిని. బస్సు స్టాండులో ఆగేది ఐదు నిమిషాలు, అందులో జామకాయలాయన ఎక్కి దిగిపోవాలి. ఆయన ఏనాడూ "ప్రయాణికులకు నమస్కారం" అనలేదు. అసలు ముందు నోరే తెరవడు. కిటికీ పక్కనున్నవాడి ఎదురుగా నిలబడి కాయని నాలుగు చీలికలు కోసి, ఎర్రటి గుజ్జు కనిపించేలా విప్పి, ఉప్పూ కారం అద్దుతాడు. ఆ వాసనకి వెనక సీటువాడు తల తిప్పాక అప్పుడు అంటాడు, "పదికి రెండు" అని. మర్యాద లేదా అంటే ఉంది, చిల్లర ఇచ్చేటప్పుడు "ఉంటా నాయనా" అంటాడు. నమస్కారం పెట్టండి మాస్టారూ, కాయ కోశాక పెట్టండి.

విశ్రాంత_మాస్టారు
ఉదాహరణ బాగుంది. అయినా జామకాయ ఎదురుగా ఉంది, వాసన వస్తుంది. ఫోన్లో వాసన రాదు కదా. మాటలతోనే తేవాలి. విశేషణాలు లేకుండా ఎలా తెస్తారు?

డెస్కులో_రాత్రి
విశేషణంతోనే రాదు మాస్టారూ. "ఘుమఘుమలాడే" అంటే నాకు ఏ వాసనా రాలేదు. "పొడిగుడ్డతో తుడిచి" అంటే మా అమ్మమ్మ పంచలో చాప మీద ముక్కలు ఆరబెట్టడం కనిపించింది.

గుమ్మెట_మనవడు
మా తాత బుర్రకథ దళంలో గుమ్మెట వాయించేవాడు కాబట్టి నాదీ ఒక ముక్క. వాళ్ళు కూడా ప్రార్థనతోనే మొదలుపెట్టేవారు, కాబట్టి మాస్టారు చెప్పింది పాత పద్ధతే. కానీ తాత ఒక రహస్యం చెప్పేవాడు: ప్రార్థన ఎవరూ వినరురా, అది జనం బఠానీలు కొనుక్కుని, పిల్లల్ని ఒళ్ళో సర్దుకుని, చుట్ట ముట్టించుకోడానికి ఇచ్చే టైము అని. అందరూ కూర్చున్నారని చూశాక గుమ్మెట మీద ఒక్క దెబ్బ గట్టిగా వేసి కథ ఎత్తుకునేవారట. ఫోన్ చూసేవాడు చాప తెచ్చుకుని కూర్చోడు కదా, లిఫ్టులో ఉంటాడు, బాత్రూంలో ఉంటాడు. సర్దుకునే టైము వాడికి అక్కర్లేదు. సరాసరి దెబ్బే.

రీల్స్_రాజా
బాత్రూంలో ఉన్నవాడికి ఆవకాయ చూపిస్తున్నామా ఇప్పుడు.

ఓరుగల్లు_వనజ
నేను సకినాలు చేసి అమ్ముతా, సంక్రాంతికి బాగా పోతయి. మొదట్ల నేను కూడా "శుచి, శుభ్రతతో" అని రాసిన. ఎవ్వరు దేకలే. తర్వాత ఒకరోజు కోపంతోని ఇంట్ల మాట్లాడినట్టే రాసి పెట్టిన: "మా అత్తమ్మకు పండ్లు ఊడినయ్, అయినా ఈ సకినాలు విడువదు." ఆ ఏడాది పిండి సరిపోలే. మీరు కూడా మీ ఇంట్ల మాట్లాడే మాట రాయుండ్రి అక్కా, "లభించును" అని మీ ఇంట్ల ఎవరన్న అంటరా?

కోనసీమ_జాడీ
వనజ గారూ, పండ్లు ఊడడమేంటండీ, పెరట్లో చెట్టా?

ఓరుగల్లు_వనజ
అయ్యో, పండ్లంటే నోట్ల ఉండేటివి అక్కా. మీరు పళ్ళు అంటరు చూడు.

నస_నారాయణ
మీ పళ్ళు అన్నా మాకు రెండు అర్థాలే, ఏం తేడా లేదు.

చుక్కల_ముగ్గు
చూశారా, ఆ మాట అర్థం కాకే జాడీ గారు ఆగి అడిగారు. లైను పనిచేసినట్టే.

బెంగళూరు_బాబాయ్
పనిచేసింది గానీ జాగ్రత్త. వనజ గారు అమ్మేది వాళ్ళ వైపు వాళ్ళకి, కాబట్టి ఆ మాట ఇంటి మాట. మొత్తం రాష్ట్రానికి అమ్మే పేజీ అయితే సగంమంది ఆగి అడగరు, దాటిపోతారు.

డల్లాస్_డబ్బా
కొనేవాడిగా చెప్తున్నా, మీ అందరి లైన్లూ బాగున్నాయి, ఒక్కదానికీ నేను ఆగను. నా సమస్య టెంక కాదు. రెండేళ్ళ క్రితం అమ్మ పంపిన మాగాయ నూనె సూట్‌కేసులో కారి మా ఆవిడ పెళ్ళి పట్టుచీర మీద మ్యాప్ గీసింది. ఇప్పటికీ పండక్కి ఆ ప్రస్తావన వస్తుంది. "సూట్‌కేసులో కారని ప్యాకింగు" అని మొదటి లైన్లో ఎవరైనా రాస్తే రేటు కూడా అడగను.

డెస్కులో_రాత్రి
ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. పేపర్లో అందరికీ ఒకటే ఇంట్రో రాయడం అలవాటైపోయింది. జాడీ గారు ఒకే పచ్చడికి మూడు పోస్టులు వేరువేరుగా రాయొచ్చు. ఊళ్ళోవాళ్ళకి అత్తయ్య, కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి గరిటె, బయటిదేశం వాళ్ళకి సూట్‌కేసు.

విశ్రాంత_మాస్టారు
డల్లాస్ నాయనా, పట్టుచీర సంగతి చెప్తే అమ్మకి బాధ. చెప్పకు.

డల్లాస్_డబ్బా
అమ్మ ఈ గ్రూపులో లేదు మాస్టారూ. ఉన్నా మొదటి లైనే చదువుతుంది.

కోనసీమ_జాడీ
సరే, రాత్రి కూర్చుని రాశాను. నవ్వకండి.

ఒకటి: "ముక్కకి టెంక లేకపోతే అది ఆవకాయ కాదు అంటుంది మా అత్తయ్య."
రెండు: "అన్నం గరిటె జాడీలో పెట్టింది ఎవరు?"
మూడు: "మూడో రోజు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు, అత్తయ్య ఉప్పు చూస్తున్నారు."

చుక్కల_ముగ్గు
మూడోది మూడోది మూడోది.

విశ్రాంత_మాస్టారు
మొదటి దాంట్లో అత్తగారిని "అంటుంది" అన్నారు, మూడో దాంట్లో "చూస్తున్నారు" అన్నారు. ఏదో ఒకటి ఉండాలి. "అంటారు" అని రాయండి, ఆవిడ చదువుతారు.

కోనసీమ_జాడీ
అయ్యో అవును మాస్టారూ! తొందర్లో పడిపోయింది. మార్చేస్తాను, లేకపోతే నాలుగో రోజు కూడా ఎవరూ మాట్లాడరు.

రీల్స్_రాజా
మూడోది బాగుంది కానీ ఆవకాయ అన్న మాటే లేదు కదా. ఇందాక దూడని పైకి లాగమన్నారు, ఇప్పుడు దాస్తే నేను చేసేదానికీ దీనికీ తేడా ఏంటి? నన్ను మాత్రం అందరూ తిట్టారు.

డెస్కులో_రాత్రి
న్యాయమైన ప్రశ్న. "మూడో రోజు", "ఉప్పు" అంటే పచ్చళ్ళు పెట్టే ఇంట్లో పెరిగినవాడికి తెలుస్తుంది, మిగతావాళ్ళకి తెలీదు. పక్కనే జాడీ ఫోటో ఉంటుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ఫోటో లేకపోతే మొదటిదే పెట్టమంటాను. ఇంకో మాట, సీ మోర్ నొక్కినవాడికి ఆ ఉప్పు సంగతి పూర్తిగా దొరకాలి. నువ్వు రాసిన దానికింద బూజు సంగతి ఉంటే నీ లైనూ ఓకే తమ్ముడూ, కానీ మీవాళ్ళు కింద ఏం పెడతారో నేను చూశాను. "ఇక లేరు" అని హీరో ఫోటో పెట్టి, కింద "ఆ సినిమాలో ఇక లేరు" అంటారు.

రీల్స్_రాజా
అది నేను కాదు. మా రూమ్మేటు.

మంగళగిరి_మగ్గం
ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఎక్కడ పెడుతున్నారు మేడం? పద్నాలుగు అంకెలు పైన పెడితే మళ్ళీ లోన్ మెసేజ్ అనుకుంటారు.

కోనసీమ_జాడీ
అడుక్కి తోసేశానండీ, నమస్కారం పక్కన.

కోనసీమ_జాడీ
మూడు రోజులైంది, ఏమైందో చెప్తాను. ఫోటోతో మూడో లైను పెట్టాను, కాస్త మార్చి: "ఆవకాయ పెట్టిన మూడో రోజు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు, అత్తయ్య ఉప్పు చూస్తున్నారు." రాజా అన్నది ఆలోచించే ఆ మాట చేర్చాను. అరవై దాటి కామెంట్లు వచ్చాయి. అందులో సగం పచ్చడి గురించి కాదు, ఎవరి అత్తగారు ఎలా చూస్తారో అని. ఒకాయన వెల్లుల్లి వెయ్యనిది ఆవకాయే కాదని గొడవ పెట్టుకున్నాడు, ఇంకొకావిడ వేస్తే కాదని. వాళ్ళిద్దరూ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆర్డర్లు తొమ్మిది, మామూలుగా వారానికి మూడో నాలుగో. ఇది లైను వల్లో ఎండాకాలం వల్లో చెప్పలేను, కొత్తకాయ సీజను కదా.

అత్తయ్యకి చదివి వినిపించాను. అంతా విని "నా మాట రాసి నీ జాడీ ఫోటో పెట్టావేం" అన్నారు.

ఓరుగల్లు_వనజ
అత్తమ్మ ఫోటో పెట్టు అక్కా, ఆమె ముందట సీ మోర్ నొక్కకుండ ఎవడు పోతడో చూద్దాం.

డల్లాస్_డబ్బా
పోస్టు చూశాను, అదిరింది. రెండు కిలోలు కావాలి, రేటెంతండీ?

కోనసీమ_జాడీ
పోస్టులోనే ఉందండీ, రెండో పేరాలో. మీకోసం ప్యాకింగు సంగతి కూడా రాశాను.

డల్లాస్_డబ్బా
సీ మోర్ నొక్కలేదండీ. వెల్లుల్లి గొడవలోకి వెళ్ళిపోయాను.